కట్ అన్నా ఆగని వల

డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం మాత్రం ఇంకా చేతికి రాని ఆ రోజుల్లో నాకు నేనంటే భలే గొప్ప. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు సినిమా వాళ్ళు మెడలో వేసిన ఐడీ కార్డు ఊపుకుంటా తిరుగుతుంటే కాళ్ళు నేల మీద ఆనేవి కావు. మాది నెల్లూరుకు తూర్పున సముద్రం ఒడ్డు ఊరు, ఊరంతా వేట మీద బతికేవాళ్ళమే. అక్కడ తీస్తున్నది కామెడీ సినిమా. కోట్లున్న ఇంటి కొడుకు పందెం కాసి పదిరోజులు కూలోడిగా బతకడానికొస్తాడు, ఆ పని చేతకాక నానా అగచాట్లు పడతాడు, అదీ కథ. ఊరివాళ్ళకూ వాళ్ళకూ మధ్య మాటలు మోసే పని నాది. షూటింగ్ గొడవల్లేకుండా ముగిస్తే హైదరాబాదులో తన దగ్గర అసిస్టెంటుగా చేర్చుకుంటానని డైరెక్టరు గారు మాటిచ్చినారు. చిన్నప్పటినుంచీ నేను కన్న కల అదొక్కటే. (మా నాన్న కల మాత్రం నాచేత బీఈడీ చేయించడం.)

మొదటి గొడవ చీర దగ్గరొచ్చింది. వల లాగే సీనుకు ఊరివాళ్ళు నలభై మంది కావాలంటే, అందరికంటే ముందు మా మేనత్త వచ్చి నిలబడింది. పెళ్ళిళ్ళకు కట్టే పట్టుచీర, తలనిండా కనకాంబరాలు, ముఖాన అంగుళం మందాన పౌడరు. కాస్ట్యూమ్ వాళ్ళు ఒక చిరుగుల చీర తెచ్చి చేతిలో పెట్టినారు. అత్త దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "ఏందే ఇది? మీ సినిమావోళ్ళు ఇట్టాంటివి కట్టుకుంటారా పాపం?" అని నిజంగానే జాలిపడింది. నేను నా హోదాకు తగ్గట్టు గొంతు సవరించుకుని, "అత్తా, ఈ సినిమాలో నువ్వు పేదదానివి," అన్నాను.

"నేనా? ఇంట్లో ఫ్రిజ్జుంది, కొడుకులిద్దరికీ చెరొక పడవుంది. పేదదాన్ని ఎట్టయితానే? అదిగో, మీ డైరెక్టరు ప్యాంటు చూడు, రెండు మోకాళ్ళ దగ్గరా చినిగిపోయుంది. ఆయన్ని నిలబెట్టుకోండి పేదోడిగా!"

(అది వేలు పోసి కొన్న ఫ్యాషనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.) చివరికి పట్టుచీరతోనే ఆమెను వెనక వరసలో దాచేసినారు. నాకు తల కొట్టేసినట్టయింది. మావాళ్ళకు పద్ధతి తెలియదని లోపల్లోపల తిట్టుకున్నాను.

రెండో గొడవ వలది. అలివి వలంటే పడవలో తీసుకెళ్ళి సముద్రంలో వంపుగా దించి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డు మీదినుంచి లాగే పెద్ద వల. అది మా నాన్నది. సినిమా మేనేజరు (నల్లద్దాలు ఎప్పుడూ తీయడు కాబట్టి ఊరు ఆయనకు గాగుల్సని పేరు పెట్టింది) వచ్చి, "ఊరికే ఉత్తుత్తిగా వేయండి, చేపలతో మాకు పని లేదు," అన్నాడు. నాన్న ఆయన్ని ఎగాదిగా చూసి, "అన్నం ఉత్తుత్తిగా వండుతారా సామీ?" అన్నాడు. మూడు వారాలుగా వల ఖాళీగా వస్తా ఉన్నా, ఆ పొద్దు కూడా నీళ్ళ రంగు చూసి, రోజూ వేసినట్టే వేసినాడు.

షాట్ మొదలైంది. హీరో తాడు పట్టుకుని లాగినట్టు నటించి, జారి వెల్లకిలా పడ్డాడు. డైరెక్టరు గారికి తెగ నచ్చింది. "కట్! వదిలేయండి, ఇంకో టేక్ చేద్దాం," అని మైకులో అరిచినారు. హీరో లేచి చేతులు దులుపుకున్నాడు. గొడుగొచ్చింది, తువ్వాలొచ్చింది, కొబ్బరినీళ్ళొచ్చినాయి. నలభై మందిలో ఒక్కరూ తాడు వదల్లా. నడుంలోతు నీళ్ళలోనుంచి నాన్న కేక వినిపించింది. "పడిందిరా! లాగండి!"

"కట్! కట్!" అని డైరెక్టరు గారు.

"ఐలేసా!" అని ఊరు.

అప్పుడు వెనక వరసలోనుంచి మా అత్త హీరో మీద విరుచుకుపడింది. "ఒరే అబ్బయ్యా! తాడొదిలేసి గొడుగు కింద ఏందిరా సోకు? మా నోట్లో మట్టి కొడతావా? రా, పట్టు!"

నా పై ప్రాణాలు పైనే పోయినాయి. ఆయనకు రాష్ట్రమంతా అభిమానులు. మా అత్తకు మాత్రం తాడొదిలిన సోమరి. ఆయన బిత్తరపోయి కొబ్బరిబోండాం కింద పడేసి, పరుగున వచ్చి తాడు పట్టుకున్నాడు. ఆయన వెనకే గొడుగతనూ, మేకప్పతనూ పట్టినారు. డైరెక్టరు గారు ముఖం ఎర్రగా చేసుకుని మైకు నా చేతిలో పెట్టినారు. "వెలుతురు మారిపోతోంది. వాళ్ళని ఆపు. ఆపలేకపోతే రేపట్నుంచి నువ్వు రావద్దు."

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. ఆపమంటే ఆపుతారేమో, మా పిల్లే కదా అని. కానీ ఎడమ తాడు సడలడం కనిపించింది. ఒక పక్క సడలితే వల మూతి తెరుచుకుంటుంది, పడిందంతా పోతుంది. మూడు వారాల తర్వాత నాన్న ముఖంలో కనిపించిన ఆ వెలుగూ పోతుంది. "ఎడమ తాడు! లాగండి! గట్టిగా లాగండి!" అని గొంతు చించుకుని అరిచి, మైకు ఇసకలో పారేసి, వెళ్ళి తాడు పట్టుకున్నాను. హైదరాబాదు పోతే పోయిందనుకున్నాను. ఏడుపొచ్చింది, చేతులు మాత్రం ఆగలేదు.

అబ్బ, ఏం వల అది! ఒడ్డంతా కానాగంత చేపలు, వెండి పోసినట్టు. నలభై మందే కాదు, సినిమావాళ్ళతో కలిపి నలభై అయిదు మందిమి ఇసకలో కూలబడి పిచ్చివాళ్ళ మాదిరి నవ్వుకున్నాము. అప్పుడొచ్చినాడు గాగుల్స్. "వల ఈ రోజుకి మేం అద్దెకు తీసుకున్నాం. చేపలన్నీ ప్రొడక్షన్‌వే."

"తాడు పట్టినావా?" అన్నాడు నాన్న.

"నేను మేనేజర్ని."

"మేనేజరో, కలెక్టరో నాకెందుకు సామీ. పట్టినావా, లేదా?"

మా ఒడ్డున రూలు అదొక్కటే. తాడు మీద చెయ్యేసినోడికి వాటా, వెయ్యనోడికి లేదు. గాగుల్స్ మొదటిసారి అద్దాలు తీసి తన తెల్లటి చేతులు చూసుకున్నాడు. నాన్న కుప్పలు పోసినాడు, హీరోకెంతో గొడుగతనికీ అంతే. హీరో వాటా ఎత్తడానికి అసిస్టెంటు వంగితే అత్త ఊరుకోలా. "ఎవరిది వాళ్ళే ఎత్తుకోవాల!" పాపం ఆయన గొంతుక్కూర్చుని, అత్త కట్టనన్న చిరుగుల చీరలోనే మూట కట్టుకున్నాడు. కారు దాకా చిల్లుల్లోనుంచి చేపలు రాల్చుకుంటా పోయినాడు, ముఖం మాత్రం వెలిగిపోతా ఉంది.

సాయంత్రం నా ఐడీ కార్డు తిరిగిచ్చేద్దామని వెళితే, డైరెక్టరు గారు మానిటర్ ముందు కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు. కెమెరా అతను కెమెరా ఆపనే లేదట. "ఇరవై రోజులుగా నేను తీయాలనుకున్న సినిమా ఇదమ్మా," అని, పక్కనున్న కుర్చీ నావైపు లాగినారు.

నెల్లూరులో మొదటాటకు ఊరు ఊరంతా ఆటోల్లో దిగింది. అత్త అరుపుకు హాలు హాలంతా ఈలలు, చప్పట్లు. ఆమె మాత్రం నా చెవిలో, "చూసినావా, పట్టుచీర కట్టబట్టి అందరిలో నేనే కనపడినా," అంది.

నేనిప్పుడు సొంతంగా రెండు సినిమాలు తీసినదాన్ని. నేను కట్ అంటే నూరుమంది ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. అప్పుడప్పుడు ఫోన్లో ఆ సీను పెట్టుకుంటాను. జుట్టు విరబోసుకుని, నోరంతా తెరిచి, తాడు పట్టుకున్న పిల్ల ఒకతి రెండు క్షణాలు కనబడి పోతుంది. ఆ మొండిది నా సెట్లో ఉంటే నా మాట చస్తే వినదు. అయినా ఎందుకో, కట్ చెప్పిన ప్రతిసారీ, ఎవరైనా ఆగకుండా ఉన్నారేమోనని ఒక్క క్షణం చూస్తాను.