ఖో-ఖో ఆడే మా అమ్మాయి గురించి నేను చెప్పిన అబద్ధం

పోయిన ఏడాది మా బడి వార్షికోత్సవంలో మా అమ్మాయికి శాలువా కప్పారు. ఖో-ఖోలో రాష్ట్ర జట్టుకు ఎంపికైనందుకు. నన్నూ వేదిక మీదికి పిలిచి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. "ఆటలాడితేనే పిల్లలు ఎదుగుతారని నేను మొదటి నుంచీ నమ్మాను. చిన్నప్పటి నుంచి వెన్ను తట్టి పంపించాను" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి కూడా కొట్టింది. ఆ మాటల్లో ఒక్కటీ నిజం కాదు.

పత్తికొండకు దగ్గర్లోని ఒక పల్లెలో ఉంది ఆ బడి. నేను అక్కడే లెక్కల సారును. మా అమ్మాయికి చిన్నప్పుడు ఆయాసం. చొప్ప దుమ్ము రేగినా, చలిగాలి తగిలినా ఎదలో పిల్లికూతలు వచ్చేవి. ఆరో తరగతిలో చేర్చిన రోజే, ఈమెను ఏ ఆటలోనూ దించకూడదని కాగితం రాసి ఆఫీసులో ఇచ్చాను. ఏ డాక్టరూ అలా చెప్పలేదు. నేను అడగనూ లేదు. మిగతా పిల్లలు ఆడుతుంటే ఆమె వరండాలో కూర్చుని వాళ్ల చెప్పులకు కాపలా కాసేది.

ఆమెకొక్కదానికే కాదు, అందరి పిల్లలకూ అడ్డం పడ్డాను. పరీక్షలు దగ్గర పడితే ఆటల పీరియడ్లన్నీ లెక్కలకు లాక్కునేవాణ్ణి. డ్రిల్లు సారు తలుపు దగ్గరికొచ్చి "ఇది నా పీరియడు గదా సార్" అనేవాడు. "ఏమప్పా, చెమటకు మార్కులేస్తారా?" అనేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్లు. ఆయన వెనక్కి వెళ్లిపోయేవాడు.

ఎనిమిదో తరగతిలో మా అమ్మాయి మారసాగింది. ఒక జొన్నరొట్టె తినడానికే సతాయించే పిల్ల మూడు తిని, ఇంకా వేరుశనగ పొడి ఉందా అని అడిగేది. పడుకున్న వెంటనే నిద్రపోయేది. జూన్‌లో కుట్టించిన యూనిఫాం దసరాకే పొట్టిదైపోయింది. బోర్డు దగ్గరికి రమ్మంటే తల వంచుకునేది కాస్తా, లేచి వచ్చి, లెక్క తప్పు చేసి, తనే చెరిపి, మళ్లీ మొదటి నుంచి చేసేది. తప్పుకు భయపడకపోవడం ఎక్కడ నేర్చిందో నాకు అంతుపట్టలేదు. అంతా నేను కర్నూలు నుంచి తెచ్చిన టానిక్ మహిమ అనుకున్నాను. స్టాఫ్‌రూములో ఇద్దరు సార్లతో అదే టానిక్ కొనిపించాను కూడా.

పొద్దున ఆరింటికి ఇంగ్లీషు ట్యూషన్ అని వెళ్లేది. ఒక శనివారం పరీక్ష కాగితాలు సర్దుకోవడానికి నేనూ ముందే బడికి వెళ్లాను. గ్రౌండులో ఖో-ఖో జరుగుతోంది. రెండు స్తంభాల మధ్య ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి కూర్చున్నారు. తొమ్మిదో పిల్ల తరుముతోంది. ముందు పరుగెత్తే పిల్ల కూర్చున్నవాళ్ల సందుల్లోంచి దూరి, ఇటు వస్తున్నట్టే వచ్చి అటు తిరిగి, స్తంభం పట్టుకుని గిర్రున మళ్లి, మీదికొచ్చిన చేతికి వెంట్రుకవాసిలో నడుము వంచి తప్పించుకుంది. అప్పుడు ముఖం కనిపించింది. మా అమ్మాయి.

నేను ఆమె ఎద వైపే చూస్తున్నాను. ఎగిసిపడుతోంది, కానీ కూత లేదు. తరిమేవాళ్లు ఎటు తిరుగుతారో వాళ్లకంటే ముందే ఆ కళ్లు లెక్క కడుతున్నాయి. పదమూడేళ్లు ఆ ఒంటికి ఆవిరి పట్టి, దుప్పటి కప్పి, భుజాన మోసినవాణ్ణి. అందులో ఇంత దాగి ఉందని నాకు తెలియదు. గ్రౌండు అంచున చెప్పులు విడిచి నిలబడాలనిపించింది.

డ్రిల్లు సారు దగ్గరికొచ్చాడు. "కోప్పడొద్దు సార్. మీ ఇంట్లో మేడమే డాక్టరుకు చూపిచ్చినారు. స్ప్రే దగ్గర పెట్టుకోని, మెల్లగా మొదలుపెట్టి ఆడించమన్నాడంట. ఏడు నెలలాయ. పద్నాలుగేండ్ల లోపు పిల్లల పోటీలు కడపలో ఉండాయి. మీరు పాత కాగితం వాపసు తీసుకోని సంతకం పెడితే చాలు."

ఇంట్లో నా భార్యను నిలదీశాను. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పింటే పంపిస్తాంటివా?" అంది ఆమె, రొట్టె తట్టడం ఆపకుండానే.

అమ్మాయి నా ముందుకొచ్చి నిలబడింది. "సంతకం పెట్టు నాయనా. వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతాది. చిన్నోళ్ల టీములో నాకు మళ్లా చోటుండదు."

పెట్టలేదు. పరీక్షలన్నాను, ప్రయాణమన్నాను, ఎండ అన్నాను. అసలు సంగతి వేరు. నా ప్రమేయం లేకుండా, నా మాట కాదని నా బిడ్డ బాగుపడింది. అది నాకు మింగుడుపడలేదు. జట్టు బస్సెక్కిన రోజు ఆమె నా క్లాసులో మూడో బెంచీలో కూర్చుని లెక్కలు చేసింది. అన్నీ సరిగ్గానే చేసింది. తల మాత్రం ఎత్తలేదు.

ఆ తర్వాతి ఏడాది సంతకం పెట్టాను. తనకంటే పెద్ద పిల్లలతో తంటాలు పడి, పదో తరగతికొచ్చేసరికి రాష్ట్ర జట్టు దాకా వెళ్లింది. ఆటల పీరియడ్లు లాక్కోవడం మానేసి నేను ఇప్పుడు ఆ గంటసేపు కిటికీ దగ్గర నిలబడతాను. ఆరో తరగతి పిల్లలు ఓడిపోయి ఏడుస్తారు, ముక్కు తుడుచుకుని మళ్లీ వరసలో నిలబడతారు. ఎముక, ఊపిరి, ఓపిక కలిసి పెరగడం కళ్లముందే కనిపిస్తుంది. ఇన్నేళ్లు నేను ఆపింది దీన్నా అనిపిస్తుంది.

ఇది రాస్తున్నానని మొన్న మా అమ్మాయికి చెప్పాను.

"ఇంగ ఇప్పుడెందుకు నాయనా?" అంది.

"ఆ పొద్దు నేను అబద్ధం చెప్తాంటే నువ్వెందుకు చప్పట్లు కొట్టినావు?"

"స్టేజీ మింద నీ కాళ్లు వణుకుతాండె. ఎవురన్నా కొడితే గదా నువ్వు కిందికి దిగేది" అని నవ్వింది. బూట్ల తాళ్లు బిగించుకుని, లేవబోతూ ఆగింది.

"కడపకు మాత్రం పోయిండాల్సింది నాయనా."