బెల్లం గోడ

ఈ ఉదయం ఫోను వానలు దగ్గరపడ్డాయని చెప్పింది. నేను దాని మాట నమ్మకుండా, కొట్టు కిటికీలోని బెల్లం ముద్దను వేలితో తాకి చూశాను. పొడిగానే ఉంది. గోడ మీద ఇంకో గీత గీసి షట్టరెత్తాను. గోదావరిఖనిలో మూడు తరాల కిరాణా కొట్టు మాది. కొత్తిమీర కట్టకు కూడా బేరమాడి, గెలిచానని మురిసిపోయి, ఇంటికొచ్చాక అది వాడిపోయిందని తెలుసుకునే రకాన్ని నేను.

ఆ గీతలు మా నాయనమ్మ మొదలుపెట్టినవి. ఇంటిల్లిపాదీ ఆమెను అవ్వ అనేవాళ్లం. ఆమెకు అక్షరం రాదు. మృగశిర కార్తె, అదే మా మిరుగం, మొదలైన రోజున ఒక బెల్లం ముద్దను అమ్మకుండా కిటికీలో పెట్టి, చీమలు రాకుండా చుట్టూ బొగ్గు పొయ్యి బూడిద పోసేది. రోజూ పొద్దున్నే తాకి చూసి, పొడిగా ఉంటే కత్తి మొనతో గోడకు ఒక గీత గీసేది. వేలికి జిగురంటిన రోజున అడ్డగీత కొట్టి ఆ ఏటి వరుస ముగించేది. గాలిలోకి తడి వచ్చిందన్నమాట. ఇక ఉప్పు బస్తాలు చెక్కల మీదికెక్కాలి, అప్పడాలు డబ్బాల్లోకి దిగాలి. కమాన్‌పూర్ రైతులు పత్తి గింజలు పెట్టేముందు సబ్బుబిళ్ల కొనే నెపంతో వచ్చి బెల్లం సంగతి అడిగిపోయేవాళ్లు. చిన్నప్పుడు ఆ ముద్ద అంచు కొరికినందుకు నేను తిన్న దెబ్బలు మాత్రం ఏ వరుసలోనూ లేవు.

కొన్నేళ్ల కిందట, సరిగ్గా మిరుగంలోనే, ఆ గోడ పడగొట్టి ఇనుప ర్యాకులు పెట్టాలనుకున్నాను. ఇటుకలు నువ్వే తీసుకో, కూలి మాత్రం అడగకు అని మేస్త్రీని ఒప్పించి, నా తెలివికి నేనే మురిసిపోయాను. అవ్వ అరవలేదు, ఏడవలేదు.

“ఈయేటి వరుస ఇంక ఒడువలే బిడ్డా. గప్పటిదాంక గోడ ముట్టకు,” అంది.

సరే, బెల్లం చెమర్చి వరుస ముగియగానే పలుగు వేద్దామని మేస్త్రీకి చెప్పాను.

ఆ వారమే వెనక గల్లీ మెకానిక్ కూతురు సెలవులకు వచ్చింది. ముందు ముందు ఎండలూ వానలూ ఎలా మారతాయో కంప్యూటరుతో లెక్కగట్టే చదువు ఆమెది. ఆ లెక్కను నమ్మాలంటే అది ముందు గడిచిన ఏళ్లను సరిగ్గా చెప్పాలట. మా వైపు తడిగాలి ఏ యేడు ఎప్పుడొచ్చిందో చెప్పే పాత రికార్డు ఆమెకు దొరకలేదు. చక్కెర కోసం వచ్చి, గోడ చూసి, చక్కెర మర్చిపోయింది. పై వరుసలు పొట్టివి, కిందికొచ్చేకొద్దీ పొడుగు, అంటే తడిగాలి రానురాను ఆలస్యమవుతోంది. అన్నీ ఫోటోలు తీసుకుపోయింది. రెండు రోజులకు ముఖం వేలాడేసుకుని వచ్చింది. కొన్ని వరుసలు కంప్యూటరుతో బొత్తిగా కలవలేదు. ఇది ముసలమ్మ నమ్మకమే గానీ కొలత కాదు, పక్కన పెట్టమన్నారట వాళ్ల సారు. ఆ పొద్దున్నే బెల్లం చెమర్చింది, అవ్వ అడ్డగీత కొట్టేసింది. మేస్త్రీ పలుగు తెచ్చి అరుగు మీద పెట్టాడు.

కలవని వరుసలేవో చూపించమంది అవ్వ. వేలితో తడిమి నవ్వింది.

“గవి వంకర గీతలు. ఎందుకు వంకర గీసిన్నో అడగకపోతిరి. గా ఏండ్లు మనకచ్చే బెల్లం రాలె, వేరే తాన్నుంచి తెచ్చిండ్రు. అది ఎండల సుత చెమర్చేది. అబద్ధమాడే బెల్లం. గవి లెక్కల పట్టకుర్రి.”

ఆ అమ్మాయి ఫోటోల్లో వంకర వరుసలన్నీ వెతికి గుర్తు పెట్టుకుంది. కొలిచే వస్తువు మారితే మారిందని గుర్తు పెట్టడం చదువుకున్నోళ్లే మర్చిపోతారని తర్వాత నాతో అంది. వంకర వరుసలు తీసేసి చూస్తే, గోడా కంప్యూటరూ ఒకే దారిన నడిచాయి. వారం తిరక్కుండా సారే స్వయంగా వచ్చి, మధ్యాహ్నమంతా గోడ ముందు నిలబడి గీతలు లెక్కపెట్టుకున్నారు. ఫోటోకింత అని అడుగుదామని నేను నోరు తెరిచాను. అవ్వ చూసిన చూపుకు మూసుకున్నాను. ఆమె సారును అడిగింది ఒక్కటే.

“మీ మిషిను తప్పు చెప్పిన ఏండ్లకు సుత వంకర గీత గీయుర్రి సారూ.”

సారు నవ్వలేదు. తలూపి, ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నారు. మా వంశంలో ఎవరూ అంత గట్టి బేరం కుదుర్చుకోలేదు.

పలుగు వెనక్కి పంపేశాను, గోడ నిలిచింది. అవ్వ పోయింది. గీతలు ఎంతదాకా వచ్చాయి సేటూ అని మేస్త్రీ ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. పై వరుసలు గీసినప్పుడు గోడ చాలా వెడల్పని అవ్వ అనుకుని ఉంటుంది. నేను గీసేవి తలుపు చెక్క దాకా వచ్చేస్తున్నాయి. ఈ బజారులో ఎవరితోనైనా బేరమాడి ఎంతో కొంత తగ్గించుకోగలను గానీ, కాలం మాత్రం ఒక్క గీత కూడా తగ్గించి ఇవ్వదు.