పదకొండో గులాబీ

లెక్కలు రానివాణ్ణేమీ కాను. ఇంజనీరుని, నా కూడికలన్నీ కూటి కోసమే. అయినా పది గులాబీలు పట్టుకెళ్ళి, బతికున్న మనిషికి తద్దినం పెట్టినంత పని చేశాను.

ఫ్రీమాంట్‌లో మా పక్కింటావిడది బల్గేరియా. వాళ్ళ భాషలో బామ్మని ‘బాబా’ అంటారట. మా అమ్మాయి అలాగే పిలిచేది, మాకూ అదే అలవాటైంది. పెరుగుని లోకానికి నేర్పింది తమవాళ్ళేనని ఆవిడ నమ్మకం. మా ఇంట్లో తోడు అయిపోయినప్పుడల్లా ఆవిడ గిన్నే దిక్కు గనక, ఆ విషయంలో మేం నోరెత్తేవాళ్ళం కాదు.

తుంటి ఆపరేషనై ఆవిడ ఇంటికొచ్చిన రోజు చూడ్డానికి వెళ్ళాను. దార్లో కొన్న గుత్తిలో పదకొండు గులాబీలున్నాయి. తాంబూలంలో ఒంటి పండు పెట్టకూడదని మా అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. అసలే ఒంటరి మనిషి, పైగా బేసి పూలా? ఒకటి తీసి కార్‌లో పెట్టి, లెక్క సరి చేశాననుకున్నాను.

బాబా గుత్తి అందుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. పది దగ్గర ఆగింది.

“మా దేశంలో సరి సంఖ్య పూలు శవానికి తీసుకెళ్తారు. కాస్త ఆగలేకపోయావా?” అంది.

ఒక పువ్వు లాగి నా చొక్కా జేబులో గుచ్చి, తొమ్మిదింటిని నీళ్ళలో పెట్టించింది. ఇక ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ నన్ను, “ముందుగానే పూలు తెచ్చిన పెద్దమనిషి” అని పరిచయం చెయ్యడం మొదలుపెట్టింది. ఉత్తరాలు తెచ్చేవాడు కూడా నన్ను చూసి సానుభూతిగా తలాడించేవాడు. మా ఆవిడైతే, “ఇంకెవరింటికైనా పళ్ళే పట్టుకెళ్ళండి. అవైనా నేను లెక్కపెట్టాక,” అంది.

ఇంత హుషారూ కుర్చీలో కూర్చునే. డాక్టర్ రోజూ నడవమన్నాడు. వాకర్ మాత్రం కిటికీ పక్కన తువ్వాలు ఆరేసుకోవడానికి పనికొచ్చేది. నడిస్తే పడతానని భయమని ఆవిడ ఒప్పుకోదు, రేపు నడుస్తానంటుంది. నెలాఖరుకి లేచి తిరగకపోతే ఇల్లు అమ్మేసి తనతో తీసుకెళ్తానని షికాగో నుంచి కొడుకు ఫోన్ చేశాడు. ఆ మాట మాకు చెప్పినప్పుడు మొదటిసారి ఆవిడ గొంతు తగ్గింది.

అక్కడ మీవాళ్ళు చాలామంది ఉంటారుగా అన్నాను, ధైర్యం చెబుతున్నాననుకుని.

“అదే బాధ. అక్కడ అందరికీ పెరుగు తోడెయ్యడం వచ్చు,” అంది.

రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు పెద్ద కుండీలో గులాబీ మొక్క కొని, ఆవిడ ఇంటి ముందు డ్రైవ్‌వే చివర, పోస్ట్ బాక్స్ పక్కన దించాను. చెట్టు నిండా మొగ్గలు. కిటికీలోంచి చూస్తే ఎర్రగా కనబడుతుందే తప్ప లెక్కకి అందదు. గులాబీలకి తమ దేశమే పుట్టిల్లని బాబా సంబరపడి, ఎన్ని పూలున్నాయని అడిగింది.

“రోజూ మారతాయి. మీరే చూసుకోవాలి,” అన్నాను.

ఆ మాట ఆవిడని ఎక్కడ గుచ్చిందో మొహంలోనే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే టకటకమని చప్పుడు. రెండు చేతులా వాకర్, దానికి వేలాడుతూ కత్తెర. నన్ను తిట్టుకుంటూ బాబా ఒక్కో అడుగూ వేస్తోంది. ఆరు పూశాయి. ఒకటి కత్తిరించి, మా గుమ్మం దాకా నడిచొచ్చి నా చేతిలో పెట్టింది. అప్పటినుంచి అదే వరస. పూలు బేసిగా ఉంటే పోస్ట్ బాక్స్ దాకా, సరి సంఖ్యలో ఉంటే ఒకటి కత్తిరించుకుని మా ఇంటి దాకా. నెలాఖరుకి వచ్చిన కొడుకు ఆవిణ్ణి డ్రైవ్‌వే మీదే చూశాడు. మర్నాడు ఒక్కడే వెళ్ళిపోయాడు.

మొన్న వాకర్ లేకుండానే వచ్చింది. కత్తెర ఆడిస్తూ, సగం విచ్చిన మొగ్గ పువ్వు కింద లెక్కా కాదా, సరిగ్గా చెప్పమంది.

“నాకు లెక్కలు రావు కదా బాబా,” అన్నాను.