డాక్టరమ్మగారి బల్ల మీది గ్లాసు

పటమటలో మా డాక్టరమ్మగారు పోయారని మందుల షాపులో తెలిసింది. "మన మేడంగారు పోయారంటండీ, పొద్దున్నే" అన్నాడు షాపతను. మా ఆయనకి కొన్న బిళ్ళల కవరు పట్టుకుని ఆ షాపు మెట్ల మీదే కూర్చున్నాను.

మీలో ఆవిడ దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఉండే ఉంటారు. ఎప్పుడు చూసినా అలసిపోయి ఉండేవారు. కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుని "చెప్పండి" అనేవారు. మొగుడూ పెళ్ళాల్లో ఒక్కరే వెళితే మాత్రం "రెండో మనిషి ఏరీ? నేను రెండుసార్లు చెప్పలేను" అని వెనక్కి పంపేవారు.

మా పెళ్ళయిన కొత్తలో, తొంభైలలో సంగతి. మా ఆయన వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. సరుకు కోసం ఊళ్ళు తిరిగేవారు. చిన్న ఆపరేషన్‌కని రక్తం పరీక్ష చేస్తే హెపటైటిస్ బి అని తేలింది. లివర్‌ని పాడుచేసే జబ్బని, అంటుకుంటుందని చెప్పారు. ఇక ఇంట్లో చూడాలి! మా అత్తగారికి మామూలుగానే ఎంగిలి పట్టింపు ఎక్కువ. ఎవరింట్లోనైనా గ్లాసు ఎత్తి గొంతులో పోసుకోవడమే. ఎవరూ పొరపాటున ముట్టుకోకుండా, ఆవిడ స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళి కొడుకు కంచం మీద, గ్లాసు మీద పేరు చెక్కించుకొచ్చారు. ఉయ్యూరు నుంచి మా అన్నయ్య దిగి "ఊళ్ళు తిరిగేవాడికి ఈ జబ్బు ఊరికే వస్తదా? పద ఇంటికి" అన్నాడు. కంచాలు విడదీశారు గానీ, మా పడకగది సంగతి ఎవరూ ఎత్తలేదు. సిగ్గు కదా!

చివరికి అందరం డాక్టరమ్మగారి ముందు కూర్చున్నాం. బయట దాహమేసినా దాంతోనే తాగాలని అత్తగారు కొడుకు గ్లాసు సంచిలో పెట్టుకుని మరీ వచ్చారు.

"ఎక్కడ అంటించుకున్నాడో అడగండి మేడం" అన్నాడు అన్నయ్య.

"పుట్టేటప్పుడు తల్లి నుంచి రావచ్చు. సరిగ్గా ఉడకబెట్టని సూది నుంచి రావచ్చు. ఆడామగా కలవడం వల్లా రావచ్చు. ఎలా వచ్చిందో చెప్పే పరీక్ష నా దగ్గర లేదు బాబూ. ఈ అమ్మాయికి రాకుండా ఆపే ఇంజక్షన్లు మాత్రం ఉన్నాయి."

తల్లి నుంచి అనగానే అత్తగారు తల దించుకున్నారు.

"కలిసి తింటే రాదమ్మా. పక్కలో కలిస్తే వస్తుంది, రక్తం తగిలితే వస్తుంది. షేవింగ్ బ్లేడూ, పళ్ళ బ్రష్షూ ఎవరివి వాళ్ళవే ఉండాలి. అమ్మాయి రక్తం చూస్తాను. బాగుంటే మూడు ఇంజక్షన్లు. అవి పనిచేశాయని మళ్ళీ పరీక్షలో తేలేదాకా నిరోధ్ వాడాలి, ఒక్కసారి కూడా మానకుండా."

అత్తగారు "రామ రామ" అని చెవులు మూసుకున్నారు.

"మీరు సిగ్గుపడండి, తప్పులేదు. నాకే ఓపిక లేదు సిగ్గుపడటానికి" అన్నారు డాక్టరమ్మగారు. సంచిలోంచి ఆ గ్లాసు తీయించి, మా ఆయనకి మంచినీళ్ళిచ్చారు. ఆయన తాగగా మిగిలినవి తనే పెదవులకు ఆనించుకుని తాగేశారు. "ఇది నా దగ్గరుండనివ్వండి. మీ ఇంట్లో దీంతో పనిలేదు."

అన్నయ్య ఒక్కడే ఉయ్యూరు బస్సెక్కాడు. నా రక్తం బాగానే ఉంది. ఇంజక్షన్లన్నీ అయ్యి, పరీక్ష కాగితం చూశాక "నీకింక భయం లేదమ్మాయ్" అన్నారావిడ. అంతకు మించి ఒక్క మాట కూడా పొగడలేదు, దీవించలేదు. తర్వాతి వాళ్ళని పిలిచారు. మా ఆయన మాత్రం ఇప్పటికీ లివర్ పరీక్షలు చేయించుకుంటూ, బిళ్ళలు మింగుతూనే ఉన్నారు. ఆ జబ్బు ఎక్కడిదని నేను అడగలేదు. అడగాలనిపించిన రోజులు చాలా ఉన్నాయి. అడిగి అడిగి నన్ను నేను అరగదీసుకోవడం దేనికని ఊరుకున్నాను. ఈ కాపురం ఇలా మిగిలిందంటే అది ఆవిడ చలవే.

పెద్దకర్మ రోజున ముగ్గురం వెళ్ళాం. మండే ఎండ. అత్తగారికి దాహమేసిందంటే ఆ ఇంటి ముందు గదిలోని క్లినిక్‌ నుంచి నర్సు మంచినీళ్ళు తెచ్చిచ్చింది, డాక్టరమ్మగారి బల్ల మీది గ్లాసుతోనే. దాని మీద మా ఆయన పేరు అరిగిపోయి మసకగా ఉంది. అత్తగారు ఆ అక్షరాల మీద బొటనవేలితో రాసి, మా ఆయనకేసి చూశారు. ఆయన తల తిప్పుకున్నారు. అత్తగారు ఎప్పటిలా గ్లాసు ఎత్తి పోసుకోలేదు. పెదవులకు ఆనించుకుని మెల్లగా తాగి, మిగిలిన నీళ్ళు కొడుకు చేతికిచ్చారు.