అత్త అడిగిన నాలుగు సాళ్ళు

మా చిన్నత్త పోయిందని ఫోన్ వచ్చేటప్పటికి నేను పురుగుమందుల కొట్లో నిలబడి ఉన్నాను. చీరాల ఆసుపత్రిలో ఉదయాన్నే గుండె ఆగిందట. కొట్టువాడు బల్ల మీద మూడు సీసాలు పెట్టి, "మూడూ కలిపి కొట్టండి, ఈసారి చస్తుంది" అంటున్నాడు. పోయినసారీ అదే అన్నాడు. ఆ సీసాలు తీసుకునే బయటికొచ్చాను. ఈ మాట దాచి ఆమె గురించి రాయడం నా వల్ల కాదు.

మా మిరపచేనూ ఆమె కౌలుచేనూ ఒకే గట్టుకు అటూ ఇటూ. కాయ తొలిచే శనగపచ్చ పురుగు పడితే ఊరంతా ట్యాంకులు భుజానికెత్తేది. ఆమె మాత్రం పచ్చడి సీసా పట్టుకుని సాళ్ళలోకి దిగేది. వైరస్ సోకిన పురుగు మొక్క చివరికంటా ఎక్కి, తలకిందులుగా వేలాడుతూ చస్తుంది. వాటిని ఏరి, నూరి, గుడ్డలో వడగట్టి, బెల్లమూ బట్టలకు పెట్టే నీలిమందూ కలిపి, పొద్దు వాలాక చేనంతా కొట్టేది. ఎండ తగిలితే ఆ వైరస్ చస్తుంది. నీలిమందు దానికి గొడుగట. ఇక జబ్బు మిగతా పురుగులకు అంటుకునేదాకా వారం ఓపిక పట్టాలి.

"మీ అత్త పురుగుల పులుసు కాస్తోందిరోయ్!" అని గట్ల మీద నవ్వేవాళ్ళు.

"మీ మందుతో దానికి తలంటు అవుతోంది, చచ్చేదేం లేదు!" అని ఆమె అటునుంచి అరిచేది.

ఒకసారి నాతో అంది: "విత్తనానికి మంచి కాయ ఏరి దాస్తాం కదరా? మీరు మందు కొట్టి చేతగాని పురుగును చంపి, చేవగలదాన్ని విత్తనానికి ఉంచుతున్నారు. దాని పిల్లలు మీ మందుకి చస్తాయా?" ఈ మందుల మీద పత్రికల్లో రాసి, సభల్లో గంటసేపు మాట్లాడినా నేనింత తేటగా చెప్పలేదు.

రైతుకు తెలివి లేదనే పెద్దమనుషులను అడుగుతున్నాను. మందు అమ్మేవాడే వైద్యుడైన చోట, కౌలుకు కాగితమైనా లేని మనిషి వారం రోజులు ఎవరి అండ చూసుకుని ఆగాలి? అయినా ఆమె ఆగింది. మేమే ఆగనివ్వలేదు.

నన్ను అడిగింది ఒక్కటే. "ఏరా, గట్టు పక్క నాలుగు సాళ్ళు మందు కొట్టకుండా వదిలెయ్యి. పురుగుల్ని తినే సాలీళ్ళు నా చేలో ఉన్నాయి. నీ మందు గాలికి చస్తున్నాయి."

"అలాగే అత్తా" అన్నాను. ఆ ఏడే నల్ల తామరపురుగు పూతలో దూరింది. భయంతో గట్టు దాకా కొట్టేశాను. తామరపురుగు పోలేదు. ఆమె సాలీళ్ళు పోయాయి. కంపెనీలనూ సర్కారునూ పేజీలకు పేజీలు దులిపినవాణ్ణి, నాలుగు సాళ్ళు వదల్లేకపోయాను.

ఆమె తిట్టలేదు. "నువ్వు మాత్రం ఏం చేస్తావులే, చుట్టూ అందరూ కొడుతుంటే" అంది. తిట్టినా బాగుండేది.

పెద్దకర్మ మర్నాడు ఆమె కూతురు నన్ను చేలోకి తీసుకెళ్ళింది. కాయల నిండా బెజ్జాలు.

"బావా, ఏం కొట్టమంటావు?"

ఎన్ని పురుగులకు ఎన్ని నీళ్ళో అత్తను నేనెన్నడూ అడగలేదు. కూతురికీ తెలియదట. కొట్టువాడిచ్చిన మూడు సీసాలు ఇంట్లో ఉన్నాయి. ఆ పిల్ల జవాబు కోసం నా మొహమే చూస్తోంది. గట్టు మీద అత్త పచ్చడి సీసా బోర్లించి ఉంది. దాని పక్కనే ఒక మిరపమొక్క చివర నల్లబడిన పురుగు, ఒక్కటే, తలకిందులుగా వేలాడుతోంది. నాలుగు వైపులా పంపుల మోత. గాలి మందువాసన మోసుకొచ్చినప్పుడల్లా అది ఊగుతోంది.