సీసా మీద కొబ్బరి చెట్టు

పక్కింటివాళ్ళు గేటుకి రంగు వేయిస్తున్నారు. టర్పెంటైన్ వాసన కిటికీలోంచి దూరి నా కంప్యూటరు బల్ల దాకా వచ్చింది. ఆ వాసనకి నాకు వీర్రాజు మాస్టారు గుర్తొస్తారు. వెంటనే ఒళ్ళు మండుతుంది. ఆయన మీద కాదు. ఇరవయ్యేళ్ళు దాటినా చల్లారని మంట అది.

మాస్టారు రాజోలులో బోర్డులు రాసేవారు. పడవల మీద పేర్లు, కొట్ల మీద బొమ్మలు, అన్నీ ఆయన చేతివే. నేను ఏ కాలేజీలోనూ డిజైను చదవలేదు. నలభై దాటాక ఒక పాత కంప్యూటరు కొనుక్కుని, ఇంటి ముందు గదిలో కూర్చుని లేబుళ్ళు, డబ్బాల మీద బొమ్మలు చేసిచ్చేవాణ్ణి. తొంభైల చివర్లో మొదటిసారి ఆయనకి నా పని చూపించాను, జీడిపప్పు డబ్బా. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన దాన్ని పట్టుకుని తిన్నగా సందు చివర కిరాణా కొట్టుకి నడిచారు. అరలో నాలుగు డబ్బాల మధ్య పెట్టి, చేపల బుట్టతో వెళ్తున్న ఒకావిణ్ణి పిలిచారు.

"అమ్మా, ఆ ఎర్ర డబ్బాలో ఏముంటాదంటావ్?"

"నాకు చదువు రాదని తెలిసే అడుగుతున్నారా మాస్టారూ? కారం!"

కొట్లో అందరూ నవ్వేరు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక మాస్టారు గుమ్మంలో ఆగి అన్నారు: "చదువొచ్చినోడు ఎలాగూ చదువుకుంటాడయ్యా. మన పని చదువు రానోళ్ళ కోసం." ఏ బొమ్మ గీసినా అరలో పెట్టి, చదవడం రాని మనిషిని అడిగాకే ఇచ్చేవారాయన. నాకూ అదే అలవాటు చేశారు.

ఆ అలవాటుని నేను ఒక్కసారి తప్పాను.

రొయ్యల చెరువులు ఊళ్ళని కమ్ముకున్న రోజులు. చెరువు నీళ్ళలో పురుగు చావడానికి పోసే మందు ఒకటి సీసాల్లో అమ్మే ఆసామి నా దగ్గరకి వచ్చేడు. ఆకుపచ్చ లేబులు కావాలి, దాని మీద కొబ్బరి చెట్టు కావాలి. "మనూరి సరుకులా కనపడాలండీ ఆర్టిస్టు గారూ. ఆ పుర్రె బొమ్మా అదీ కింద చిన్నగా ఉంటే చాలు. జనం జడుసుకుంటారు." మర్నాటికే కావాలన్నాడు. గీసేశాను. బాగా వచ్చిందనే అనుకున్నాను, సిగ్గులేకుండా.

అచ్చుకి పంపేముందు మాస్టారికి చూపించాను. అప్పటికే ఆయన కళ్ళలో శుక్లాలు. లేబులుని చెయ్యంత దూరంలో పట్టుకుని, "కొబ్బరి నూనె. బావుంది," అన్నారు.

"నూనె కాదండీ, చెరువు మందు."

ఆయన మొహం మారిపోయింది. "కొట్లో పెట్టి చూశావా?"

"టైము లేదండీ."

"అయితే వెళ్ళి చెట్టు తీయించు."

వెళ్ళాను. ఆసామి నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి మరీ అన్నాడు: "ఆయ్, మీరన్నది నిజమేనండి. కానీ సరుకు నాదండి కదా. మీకిష్టం లేపోతే చెప్పండి, రాజమండ్రిలో గీయించుకుంటాను." ఆ కాఫీ తాగి లేచి వచ్చేశాను. చెట్టు అలాగే ఉంది. మాస్టారికి మాత్రం తీయించానని చెప్పలేదు, తీయించలేదనీ చెప్పలేదు. ఆయన కనపడకుండా వేరే సందులోంచి తిరిగాను.

రెండు నెలలకి ఆయనే మా ఇంటికి వచ్చేరు. "చొక్కా తొడుక్కో," అన్నారు. ఎక్కడికని అడిగితే, పడవలవాళ్ళు ఒక కబురు చెప్పారన్నారు. బస్సుల మీద బస్సులు మారి కాట్రేనికోన అవతల ఒక పాకకి తీసుకెళ్ళారు. నులక మంచం మీద ఒకావిడ, ఎడమ కంటికి గుడ్డ. భర్త చెరువు కాపలాదారు. మిగిలిన సీసా ఇంటికి తెచ్చి చూరులో పెట్టేడు. ఆవిడ తలంటుకుందామని అరచేతిలో పోసుకుని మాడుకి మర్దనా చేసుకుంది. ధారలు కంట్లోకి దిగేయి. ఆ కన్ను ఇక రాదన్నారు డాక్టర్లు.

నేనెవరినో మాస్టారు ఆవిడకి చెప్పారు. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆవిడ నెమ్మదిగా, తనదే పొరపాటన్నట్టు అంది: "కొబ్బరి చెట్టుంది కదండీ."

ఆసామి దగ్గరకి ఇద్దరం వెళ్ళాం. "కింద రాశాం కదండీ, చదువుకోపోతే మేమేం చేస్తాం?" అన్నాడు. మాస్టారు ఆ పాకలోంచి తెచ్చిన సీసా అతని బల్ల మీద పెట్టి, "నీకు చదువొచ్చుగా, నువ్వు రాసుకో తలకి," అన్నారు. గుమాస్తాలు మమ్మల్ని సీసాతో సహా బయటికి పంపేశారు. కొత్త సీసాల మీద చెట్టు ఏడాది తర్వాత గానీ పోలేదు. అదీ పాత లేబుళ్ళు అయిపోయాక.

తిరుగు బస్సులో నాకు క్షమాపణ చెప్పుకోవాలనిపించింది. నోరు తెరిచాను. "నాకెందుకయ్యా? పోయింది నా కన్నా?" అన్నారు. తర్వాత మాస్టారు బతికిన ఆరేళ్ళూ ఆ మాట ఎత్తలేదు.

మొన్న ఒక కుర్ర వ్యాపారి కలుపు మందు డబ్బాకి మామిడిపండు బొమ్మ అడిగాడు. గీసి, టీ కొట్లో అరలో పెట్టాను. గిన్నెలు కడిగే ఆవిడ "మేంగో జూసండి," అంది. అతను నవ్వేడు: "ఇంకా ఇవేంటండీ పెద్దాయనా, ఫోనులో పదిమందికి చూపించాను, బావుందన్నారు." ఆ పదిమందీ చదవడం వచ్చినవాళ్ళే. బొమ్మ తీసి చించేశాను, వేరేవాడి దగ్గరకి వెళ్ళమన్నాను. వెళ్ళాడు. ఆ వేరేవాడు గీసే ఉంటాడు.

నా బల్ల మీద ఆ పాత సీసా ఇంకా ఉంది. లేబులు వెలిసింది, కింద చిన్నక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. చెట్టు మాత్రం పచ్చగానే ఉంది.