మెతుకులు పడ్డ తొట్టె

"మామ్మగారూ, ఈ తొట్టెలో మెతుకులు వేశారా?"

"వేశాను. మిగిలిన అన్నం పారబొయ్యమంటావా? ఆ తొట్టె చేపలకి రెండు పూటలా మేత, వీటికి ఒంటిపూటా?"

"ఒంటిపూట మేతకి ఎంత పెరుగుతాయన్నదే కదండీ నా పరిశోధన. ఏడాది కష్టం పోయింది."

మొగల్తూరులో మా ఇంట్లో ఓ వాటాలో అద్దెకుండి, పెరట్లో ఉప్పునీళ్ల చేపపిల్లల్ని పెంచేవాడతను. ఏమడిగినా "చూసిందే రాయాలండి" అనేవాడు.

"రాయకు, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

నెలాఖరుకి లెక్క ఇవ్వకపోతే చదువు ఆపేస్తారట. ఉన్నది రాస్తే చదువు పోయె, దాస్తే మాట పోయె. పెన్ను మూత తీస్తూ, పెడుతూ తొట్టె దగ్గరే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే పుస్తకంలో "మామ్మగారు అన్నం వేశారు" అని రాసి, కింద నాచేత సంతకం పెట్టించుకుని, వాళ్ల ప్రొఫెసరు దగ్గరికి బస్సెక్కాడు.